రెండో పిడికిలి

ముందు పోయినవి లెక్క చెప్తాను. నాకు మాటల కంటే లెక్క సులువు.

ఒక పిల్లవాడి మూడేళ్ల పాలిటెక్నిక్ చదువు పోయింది. ఆ చదువు వెంట రావలసిన ఉద్యోగం పోయింది. చర్చిలో ఎడమవైపు, మూడో వరుసలో, కిటికీ పక్కన అతను కూర్చునే చోటు పోయింది. ఇప్పుడు అక్కడ ఎవరు కూర్చున్నా నా కంటికి ఖాళీగానే ఉంటుంది. పాట పైకి పోతున్నప్పుడు కింద పట్టి నిలిపే ఒక గొంతు పోయింది. అతని చదువుకని చర్చి వాళ్లు ఇచ్చిన డబ్బు ఒకరు తిరిగి ఇస్తేనే ఇంకొకరికి వెళ్లే డబ్బు. చదవడానికి మూడేళ్లు, సంపాదించి తిరిగి ఇవ్వడానికి రెండేళ్లు అనుకుంటే, అతని వెనక మరో ఇద్దరి చదువులు పోయాయి. మూడో చదువు ఈ ఏడు మొదలు కావలసింది, అదీ పోయింది. నా భర్త చనిపోయే రోజు వరకు నా మీద పెట్టుకున్న నమ్మకం పోలేదు గాని, అది నాకు చెందినది కాదు కనుక దాన్నీ పోయిన వాటిలోనే వేస్తున్నాను. చివరికి ఒక మనిషి పేరు పోయింది. పేరును ఏ కొలతతో కొలవాలో పదిహేనేళ్లుగా వెతుకుతున్నాను. నాకు దొరకలేదు.

ఇంత పోగొట్టి నేను సంపాదించింది రెండు గదులు, ఒక వంట వసారా, ముందు కొద్దిపాటి వాకిలి. పటాన్‌చెరులో, బొంబాయి రోడ్డు మీద లారీ పోతే గోడలు కొద్దిగా అదిరే దూరంలో. ఆ ఇంట్లోనే కూర్చుని ఇది రాస్తున్నాను. ఒక్కదాన్నే ఉంటాను.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసిన వాళ్లలో ఎవరికైనా చెప్పాలని ఎన్నిసార్లు అనుకున్నానో. చెప్పబోయే మనిషి ముఖం కళ్ల ముందుకు వస్తుంది, మాట వెనక్కు పోతుంది. మీకు ముఖం లేదు. అది నాకు సాయం.

నేను బడికి పోయింది రెండేళ్లే. మాది గుమ్మడిదల దిక్కు పల్లె. మా నాయన పశువుల సంతలో కాపలా ఉండేవాడు. బేరగాళ్లు గుడ్డ కింద చేతులు పెట్టుకుని వేళ్లతో ధర చెప్పుకుంటుంటే, వాళ్ల మోచేతుల కదలికను బట్టి ఎంతకు తెగిందో చెప్పడం నాకు ఆట. అక్షరాలు బైబిలు చదవడానికి నేర్చుకున్నాను. లెక్క మాత్రం ఎవరూ నేర్పలేదు, వేళ్ల కణుపులే నాకు పలక. పెళ్లయి వచ్చాక మా చర్చి సంఘంలో స్త్రీల సమాజం వాళ్లకు ఈ సంగతి తెలిసింది. పిడికెడు బియ్యం లెక్క నా చేతికి ఇచ్చారు.

ఆ పిడికెడు బియ్యం గురించి చెప్పకపోతే నేను చేసింది మీకు అర్థం కాదు.

మా ఆడవాళ్లు అన్నానికి ఎసరు పెట్టేముందు, కడగబోయే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి పక్కన ముంతలో వేస్తారు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. బియ్యం లేని ఇంట్లో జొన్నలు వేస్తారు. ఆదివారం ఆ ముంతలన్నీ చర్చికి వస్తాయి. వాటిని కొలిచి, అమ్మి, డబ్బు కూడబెట్టి, సంఘంలో చదివే పిల్లలకు అప్పుగా ఇచ్చేవాళ్లం. వడ్డీ లేదు, కాగితం లేదు. రెండే కట్టుబాట్లు ఉండేవి. మొదటిది, డబ్బు చదివే పిల్లవాడి చేతికి ఇవ్వరు, ఇంట్లో మగవాళ్ల చేతికీ ఇవ్వరు. ఆ ఇంట్లో వంట చేసే ఆడమనిషి చేతిలోనే పెడతారు. వంట చేసే చేతులు తీసిన బియ్యం కదా, వంట చేసే చేతికే రావాలని. అది కూడా స్త్రీల కూటంలో, మగవాళ్లు లేనప్పుడు, గుట్టుగా. తీసుకున్న ఇల్లు చిన్నబోకూడదని. రెండోది, తిరిగి ఇచ్చేటప్పుడు మాత్రం అందరి ముందు ఇవ్వాలి. కోత పండుగ రోజు లేచి నిలబడి, ఎవరి చదువు కోసం తీసుకున్నామో ఆ పేరు చెప్పి ఇవ్వాలి. అంతవరకు ఎవరూ అడగరు. దేవుడికని తీసిన పిడికిలి గురించి అడగడం తప్పని మా వాళ్ల నమ్మకం.

తీసుకోవడం గుట్టుగా, ఇవ్వడం బాహాటంగా. ఎంత మర్యాద గల పద్ధతో చూడండి. ఆ మర్యాదలోనే నేను దాక్కున్నాను.

రత్నం నా భర్త తమ్ముడు. నేను కాపురానికి వచ్చేసరికి వాడికి ఆరేళ్లు, తల్లీతండ్రీ లేరు. నాకు పిల్లలు పుట్టలేదు. వాడిని పెంచాను అని రాయబోయి ఆగాను. ఆ మాట ఇప్పుడు నేను రాయవచ్చునా? అన్నం పెట్టాను, తల దువ్వాను, ఎక్కాలు చెప్పించాను. అంతవరకు రాస్తాను. వాడు మంచిగా చదివాడు. సంగారెడ్డి హైస్కూల్లో పన్నెండో తరగతి దాటాడు. పట్నంలో పాలిటెక్నిక్‌లో సీటు వచ్చింది. ఫీజు, హాస్టలు, పుస్తకాలు, గీతలు గీసే పనిముట్ల పెట్టె కలిపి మొదటి ఏడాదికి నాలుగు వందల నలభై రూపాయలు కావాలని నేనే లెక్క వేశాను. సమాజం ఒప్పుకుంది.

అప్పటికి మేము నాలుగేళ్లలో అయిదు కిరాయి ఇళ్లు మారాము. రోడ్డు వెంట కర్మాగారాల కట్టుబడి మొదలైంది. ఎక్కడెక్కడి వాళ్లో పనికి వస్తున్నారు, గొడ్ల కొట్టాలకు కూడా కిరాయి పలుకుతోంది. మా ఆయన తాపీ పని చేసేవాడు. ఊరికి గోడలు కట్టే మనిషికి తల దాచుకోను గోడ లేదు. అయిదో ఇంటి యజమానికి ఒక సూపర్‌వైజరు రెట్టింపు కిరాయి ఇస్తానన్నాడట. మేము పనికి వెళ్లినప్పుడు మా సామాను తెచ్చి వీధిలో పెట్టించాడు. నేను వచ్చేసరికి పిడికిలి ముంత పక్కకు ఒరిగి ఉంది. బియ్యం మట్టిలో పడి ఉన్నాయి. కూర్చుని గింజగింజా ఏరాను. అటూ ఇటూ పోయేవాళ్లు చూస్తున్నారు. ఏరుతూ అనుకున్నాను, ఇక ఎవరూ నన్ను ఇలా కూర్చోబెట్టకూడదు.

ఇది చెప్పడం నా తప్పును తేలిక చేసుకోవడానికా? కావచ్చు. ఎన్నిసార్లు ఈ కథ నాకు నేను చెప్పుకున్నా ఆ ఒరిగిన ముంత దగ్గరే మొదలుపెడతాను. కాని ఏరిన బియ్యం ఎవరివి? సంఘం పిల్లల చదువువి. అవి మట్టిలో పడ్డాయని ఏడ్చిన మనిషినే నెల తిరగకముందు ఏం చేశాను?

ఈ ఇల్లు అమ్మే మనిషి బీదరు వెళ్లిపోతున్నాడు. పదకొండు వందలు అడిగాడు. బుధవారం లోపల ఇస్తేనే, లేకపోతే వేరే వాళ్లు పన్నెండు వందలకు సిద్ధంగా ఉన్నారన్నాడు. నా దగ్గర కమ్మలు అమ్మినవీ కూడబెట్టినవీ కలిపి ఆరు వందల ఎనభై ఉన్నాయి. కొరత నాలుగు వందల ఇరవై.

దానికి ముందు ఆదివారం స్త్రీల కూటంలో సుందరమ్మత్త నా చేతిలో డబ్బు పెట్టింది. ఆమె మా సమాజానికి పెద్ద. నాకు చుట్టం కాదు, అందరికీ అత్తే. నా రెండు చేతులు దోసిలి పట్టించి, అందులో నోట్లు పెట్టి, పైన తన చెయ్యి పెట్టింది.

"పిల్లా, దీన్ల నా పిడికిలి ఉన్నది, నీ పిడికిలి ఉన్నది. కడుపు మాడ్చుకున్నోళ్ల పిడికిలి గూడ ఉన్నది. లెక్క నీకంటె ఎవ్వలకు ఎరుక?" అంది.

నిజమే. నాకే తెలుసు. సేరు బియ్యం రూపాయి. నా చేత్తో ఇరవై రెండు పిడికిళ్లు ఒక సేరు. నాలుగు వందల నలభై సేర్లు. తొమ్మిది వేల ఆరు వందల ఎనభై పిడికిళ్లు. జొన్నలు వేసిన వాళ్లవి రెండు పిడికిళ్లను ఒకటిగా కట్టాను. ఆ డబ్బు ఏమిటో ఇంత స్పష్టంగా ఎరిగిన మనిషి ఆ గదిలో ఇంకొకరు లేరు.

రత్నం అప్పుడు ఊళ్లో లేడు. సీటు సంగతి చూసుకోవడానికి పట్నం వెళ్లి, తోటి పిల్లవాడి ఇంట్లో ఉన్నాడు. శుక్రవారానికి గాని రాడు. బుధవారం పొద్దున నేను ఆ డబ్బులోంచి నాలుగు వందల ఇరవై తీసి ఇంటి మనిషికి ఇచ్చాను. చేతులు వణకలేదు. వణికాయని రాస్తే మీరు నమ్ముతారు, కాని వణకలేదు. మూడు నెలల్లో నాకు మూడు వందల చిట్టీ వస్తుంది, మిగతాది మా ఆయన మేస్త్రీ దగ్గర అప్పు తెస్తే సరిపోతుంది, కాలేజీ వాళ్లను గడువు అడగవచ్చు, ఇలా అంతా లెక్క వేసుకునే ఇచ్చాను. లెక్క సరిగానే ఉంది. లెక్క సరిగా ఉంటే పని కూడా సరైనదే అనుకోవడం నా పాత జబ్బు. మా ఆయనకు చిట్టీ ముందే ఎత్తుకున్నానని చెప్పాను. ఆయన నా లెక్కను ఎప్పుడూ అడగలేదు. మిగిలిన ఇరవై రూపాయలతో రత్నానికి చెప్పులు, ఒక చొక్కా గుడ్డ కొన్నాను.

శుక్రవారం సాయంత్రం వాడు వచ్చాడు. ఎవరో చెబితే వెతుక్కుంటూ నేరుగా ఈ ఇంటికే వచ్చాడు. నేను వసారాలో బియ్యం కడుగుతున్నాను.

"వదినె, ఇల్లు కొన్నవంట. మస్తుగున్నది. పట్నంల హాస్టలు గది దీంట్ల సగం గూడ లేదు."

"కాళ్లు కడుక్కో."

"కడుగుత గని, బాయి మనదేనా?"

"నాలుగిండ్లది."

"అయితె నాలుగో వంతు నీళ్లు మనయి. లెక్క సరేనా?"

వాడు ఎప్పుడూ నన్ను ఇలాగే ఆటపట్టించేవాడు, నా గొంతును అనుకరిస్తూ. నేను ఎప్పుడూ నవ్వేదాన్ని.

"సోమవారం కట్టాలె వదినె. సంఘం పైసలు వచ్చినయా?"

నా చేతులు కడుగు నీళ్లలో ఉన్నాయి.

"రాలేదు."

"రాలేదంటె? ఇంక రాలేదా, ఇయ్యనే ఇయ్యం అన్నరా?"

రెండు తలుపులూ వాడే తెరిచాడు. ఇంకా రాలేదు అంటే చిన్న అబద్ధం, నెలలో సరిదిద్దుకోవచ్చు. కాని ఇంకా రాలేదంటే వాడు వెళ్లి ఎప్పుడిస్తారని అడుగుతాడు. అది కూడా నేను ఆ క్షణంలోనే లెక్క వేశాను.

"ఇయ్యం అన్నరు. ఈ యేడు వేరేటోళ్లకు ఇచ్చిన్రట."

"సుందరమ్మత్త అన్నదా గట్ల? మొన్ననే గదా నా నెత్తి మీద చెయ్యి పెట్టి ఇంజినీరు సాబ్ అన్నది."

"సంఘమంటే ఆమె ఒక్కతేనా?"

"నేను పోయి అడుగుత."

"వద్దు. చెయ్యి చాపి అడిగి లేదనిపించుకున్న. మల్ల నువ్వు పోయి నా ఇజ్జత్ తీస్తవా?"

వాడు మెల్లగా, "నీ ఇజ్జత్ నేనెందుకు తీస్త వదినె" అన్నాడు. గదిలోకి వెళ్లి గోడను అరచేత్తో తట్టి చూసి వచ్చాడు. "మరి ఇంటికి పైసలు యాడియి?"

"చిట్టీ ఎత్తుకున్న."

"ఆ చిట్టీ..." అని ఆగిపోయాడు. ఆ మాట వాడు పూర్తి చేయలేదు. చిట్టీ డబ్బు నా ఫీజుకు ఇస్తే అయ్యేది కదా అని అనలేదు. మింగేశాడు. "మంచిగ కొన్నవు. అన్న నడుము నొప్పితోని ఎన్ని ఇండ్లకని సామాను మోస్తడు" అన్నాడు.

అప్పుడు నేను చొక్కా గుడ్డ ఇచ్చాను.

"గిదేంది?"

"చొక్కా గుడ్డ."

"కాలేజి లేదు గదా, గింత మంచి గుడ్డెందుకు?" అని, నా ముఖం చూసి, నవ్వాడు. "సరేతీ. పనికి పోయేటప్పుడు తొడుగుత."

పదిహేనేళ్లలో చాలా మాటలు మరిచిపోయాను. మా ఆయన చివరగా ఏమన్నాడో కూడా నాకు సరిగా గుర్తు లేదు. ఈ మాటలు మాత్రం ఒక్కటీ పోలేదు.

మూడు నెలలకు చిట్టీ వచ్చింది. నిజంగానే వచ్చింది. మూడు వందలు నా చేతిలో ఉన్నాయి. ఇది ఎవరికీ చెప్పని సంగతులలోకెల్లా చెప్పని సంగతి. డబ్బు లేక తిరిగి ఇవ్వలేదని అనుకోవడం నాకు తేలికగా ఉండేది, కాని డబ్బు ఉంది. ఆ ఏడు చేరడానికి ఆలస్యమైనా వచ్చే ఏడు చేరవచ్చు. కాని ఆ డబ్బు వాడి చేతిలో పెట్టాలంటే ఎక్కడిదో చెప్పాలి. సంఘం మనసు మార్చుకుందని చెబితే వాడు వెళ్లి సుందరమ్మత్త కాళ్లకు దండం పెడతాడు. చిట్టీ డబ్బు అని చెబితే, ముందే ఎత్తుకున్నానన్న చిట్టీ మళ్లీ ఎలా వచ్చింది? డబ్బును ఎటైనా తిప్పవచ్చు. అబద్ధాన్ని తిప్పడానికి దారి కనిపించలేదు. ఆ మూడు వందలతో వాకిలికి అరుగు, వెనక ప్రహరీ కట్టించాను. ఆ డబ్బు ఎక్కడిదని ఇంట్లో ఎవరూ అడగలేదు.

రత్నం రోడ్డవతల మందుల కర్మాగారంలో డ్రమ్ములు దొర్లించే పనికి కుదిరాడు. సాయంత్రం వచ్చేసరికి కనురెప్పలు ఎర్రగా ఉండేవి. ఆ చొక్కా తొడుక్కునే వెళ్లేవాడు. ఆరు నెలలకు దాని చేతుల దగ్గర రంగును ఆ మందులు తినేశాయి.

సంఘంలో వాడు పట్నం వెళ్లలేదని తెలియకుండా ఉంటుందా? ఒక ఆదివారం సుందరమ్మత్త నన్ను పక్కకు పిలిచి, డబ్బు మాట ఎత్తకుండా, "పిల్లగాడు ఇక్కడనే కనవడ్తున్నడు?" అంది. అంతే అడిగింది. నిజం చెప్పడానికి అది రెండో అదను.

"పోయిండత్తా. నిలువలేదు" అన్నాను.

ఆమె ముఖంలో ఏదో ముడుచుకుంది. మళ్లీ ఎన్నడూ అడగలేదు.

చూశారా, రెండు మాటలు చెప్పాను. అటు ఒకటి, ఇటు ఒకటి. రత్నం దృష్టిలో సంఘం వాడికి ఇవ్వలేదు. సంఘం దృష్టిలో రత్నం తీసుకుని తినేశాడు. అడగకూడదన్న కట్టుబాటు వాళ్లను ఆపింది, నా ఇజ్జత్ వాడిని ఆపింది. ఇద్దరిలో ఎవరు నోరు తెరిచినా నా ఇల్లు కూలేది. ఎవరూ తెరవలేదు. మంచివాళ్లు కాబట్టి.

ఆ ఏడాది కోత పండుగకు మేము ఆడవాళ్లం చర్చి వెనక వంట చేస్తున్నాము. గుమ్మడికాయ కోస్తున్న ఒకామె నన్ను చూడకుండానే అంది, "పాలిటెక్నిక్ గోడ గంత చిన్నగుంటదా? మనోడు ఒక్క దునుకుల బయటపడ్డడు."

ఇంకొకామె, "పట్నం సినిమాలకు సాలినయో లేదో పాపం మన బియ్యం" అంది. అందరూ నవ్వారు.

"ఊకోండ్రి. దేవునికి తీసిన పిడికిలి. అనొద్దు" అని సుందరమ్మత్త కసిరింది.

నేను ఉల్లిగడ్డలు కోస్తున్నాను. కళ్లలో నీళ్లు వస్తే ఎవరూ ఏమీ అనుకోరు. ఆ రోజు నేను లేచి ఉంటే? కత్తిపీట పక్కన పెట్టి, వాడికి ఆ డబ్బు సంగతే తెలియదమ్మా, నేను తిన్నాను, అని ఉంటే? వాళ్లు నన్ను తిట్టేవాళ్లు. సంవత్సరం మాట్లాడేవాళ్లు కాదు. బతకలేనిదేమీ కాదు. ఇప్పుడు నేను బతుకుతున్న దాని కంటే అది ఏమంత ఎక్కువ?

పండుగ కూటంలో అప్పు తీర్చేవాళ్లు లేచి పేర్లు చెబుతుంటే కొందరి చూపులు కిటికీ పక్కకు వెళ్లాయి. ఇంటికి వచ్చాక రత్నం అన్నాడు, "అందరు నన్ను జాలిగ సూస్తున్నరు వదినె. ఇయ్యనందుకు బాధపడ్తున్నరేమో. నాకు మంచిగనిపిస్తలేదు." మరో మూడు నాలుగు నెలలకు రోడ్డు మీద బొంబాయి లారీ ఎక్కాడు. బట్టల మిల్లులో పని దొరికిందని ఎవరితోనో కబురు చేశాడు.

వాడు వెళ్లిన మరునాడు పొద్దున ఎసరు పెట్టి, అలవాటుగా ఒక పిడికెడు ముంతలో వేశాను. చెయ్యి మళ్లీ బియ్యంలోకి వెళ్లింది. రెండో పిడికిలి తీసి అదే ముంతలో వేశాను.

ఆ రోజు నుంచి పూటకు రెండు. మొదటిది అందరిలాగా. రెండోది బాకీలోకి. రూపాయల్లో లెక్క వేస్తే ధరలు మారతాయి, సేరు పోయి కిలో వచ్చింది, అందుకని పిడికిళ్లలోనే లెక్క పెట్టుకున్నాను. పిడికిలి మారదు. పెద్దది పట్టలేదు, చిన్నది పట్టలేదు. కరువు ఏడు వచ్చినప్పుడు రెండో పిడికిలి నా కంచంలోంచి తగ్గింది. జ్వరం వచ్చి పొయ్యి వెలగని రోజులను లెక్కలోంచి తీసేశాను. ఇంటికి ఎదురుగా పొలాలు పోయి షెడ్లు లేచాయి. నాలుగిళ్ల బావిలో నీళ్లు ముందు చప్పబడి, తర్వాత వాసన పట్టి, చివరికి తాగడానికి పనికిరాకుండా పోయాయి. మా వాటా నాలుగో వంతు అని వాడన్నది ప్రతిసారీ గుర్తొస్తుంది. ఆ రెండో పిడికిలి మాత్రం ఆపలేదు. ఇది రహస్యంగా నాకు ఎంత హాయినిచ్చేదో చెప్పాలంటే సిగ్గు. ఆదివారం నా ముంత బరువుగా ఉండేది. "నీ చెయ్యి పెద్దది పిల్లా" అని సుందరమ్మత్త మెచ్చుకునేది. ఆ మెప్పు కూడా తీసుకున్నాను.

నాలుగేళ్ల కింద మా ఆయన గుండెలో నీరు చేరి పోయాడు. రత్నం లారీలు మారి మారి వచ్చాడు. అప్పటికి వాడి చెవుల దగ్గర వెంట్రుకలు నెరిశాయి, ముప్పై ఏళ్లు కూడా నిండలేదు. శవపేటిక లోపలికి వెళ్తుంటే వాడు చర్చి గేటు దగ్గరే ఆగిపోయాడు.

"లోపలికి రా" అన్నాను.

"వద్దు వదినె. నాకు వాళ్ల మీద కోపం లేదు. వాళ్ల పైసలు, వాళ్ల ఇష్టం. కని నా కాలు లోపలికి వస్తలేదు."

లోపల సుందరమ్మత్త నా చెవిలో అంది, "పాపం, సిగ్గుపడి నిలబడ్డడు. రమ్మను బిడ్డా, మేమేమనం."

గేటుకూ గుమ్మానికీ మధ్య ఎంత దూరం? ఒక్క మాట దూరం. ఆ మాట ప్రపంచంలో నా ఒక్కదాని దగ్గరే ఉంది. నేను భర్త పోయిన దాన్ని, ఏం చెప్పినా ఆ రోజు నన్నెవరూ ఏమీ అనేవాళ్లు కాదు. మా ఆయన పేటిక పక్కన తల వంచుకుని కూర్చున్నాను. అందరూ నా దుఃఖం చూసి ఏడ్చారు.

తిరిగి వెళ్లేముందు రత్నం ఇంటి పైకెక్కి పగిలిన పెంకులు సర్దాడు. దిగివచ్చి నూట యాభై రూపాయలు నా చేతిలో పెట్టాడు.

"వానకాలం లోపట కొత్త పెంకులు ఏయించు. నువ్వు ఒక్కదానివి ఉంటవు."

నేను తీసుకున్నాను. అవును, తీసుకున్నాను. ఇప్పుడు నా తల మీద ఉన్న పెంకులు అవే.

ఈ వానాకాలం నా లెక్క నిండింది. తొమ్మిది వేల ఆరు వందల ఎనభయ్యో పిడికిలి ముంతలో వేసి, చెయ్యి దులుపుకుని, కూర్చున్నాను. ఏదో దిగుతుందని ఎదురుచూశాను. బియ్యం ఉడికాయి. తిన్నాను. ఏమీ దిగలేదు. మరునాడు పొద్దున చెయ్యి తనంత తాను రెండో పిడికిలికి వెళ్లింది. ఎక్కడ తప్పింది లెక్క? మళ్లీ మొదటి నుంచి వేసుకున్నాను. కూడికలో తప్పు లేదు. ఇన్నాళ్లకు నాకు అర్థమైన సంగతి చాలా చిన్నది, మా సంఘంలో చిన్న పిల్లలకు కూడా తెలిసినది. గుట్టుగా ముంతలో వేసిన బియ్యం కానుక అవుతుంది. బాకీ తీరినట్లు కాదు. బాకీ తీరడానికి ఒకటే పద్ధతి. కోత పండుగ రోజు లేవాలి, పేరు చెప్పాలి. పదమూడేళ్లకు పైగా నేను చేసింది బాకీ తీర్చడం కాదు. నా పేరు మీద దేవుడికి కానుకలు ఇచ్చుకున్నాను, మెప్పు పుచ్చుకున్నాను.

అందుకని పాత ఇనుప పెట్టె, మా ఆయన తాపీ పనిముట్లు అమ్మి, నాలుగు వందల నలభై రూపాయలు చేశాను. మొన్నటి కోత పండుగకు కొంగున ముడి వేసుకుని వెళ్లాను. ఒక కుర్రవాడి తల్లి లేచి, కొడుకు పేరు చెప్పి, డబ్బు పళ్లెంలో పెట్టింది. అందరూ ఆమెన్ అన్నారు. పాస్టరయ్యగారు, ఇంకెవరైనా ఉన్నారా అని అడిగారు. ఆయన కొంతసేపు ఆగారు. ముడి నా పిడికిట్లో తడిసిపోయింది. సుందరమ్మత్తకు చూపు సరిగా ఆనదు ఇప్పుడు. అయినా ముఖం కిటికీ వైపే తిప్పి ఉంది. లేచి, రత్నం పేరు మీద, అని ఊరుకుంటే? రత్నం తీర్చాడని అనుకుంటారు, వాడి పేరు నిలబడుతుంది, నా పేరూ నిలబడుతుంది. అది కూడా లెక్క వేశాను. అక్కడ కూర్చుని కూడా ఇంకో అబద్ధానికి ఎంత పడుతుందో లెక్క వేశాను. ఆ సంగతి తెలిశాక ఇక లేవలేదు. అయ్యగారు పాట ఎత్తుకున్నారు. కింది గొంతు లేకుండానే పాట ముగిసింది.

డబ్బు ఇంకా కొంగు ముడిలోనే ఉంది. వచ్చే కోత పండుగకు లేస్తానా? లేస్తానని మీకు మాట ఇవ్వను. నా మాటకు ఎంత విలువో ఈపాటికి మీకు తెలుసు. రత్నానికి తెలియదు. సంఘానికి తెలియదు. ఇప్పుడు మీకు తెలుసు. తెలిసినవాళ్లు ఒక్కరు పెరిగారు, అంతే తేడా. ఇది రాస్తున్నంతసేపు గది కొంచెం పెద్దదైనట్లు అనిపించింది. అంతకు మించి నేను ఏదీ అడగను.

పిడికిళ్లు ఎన్ని వేసినా, పెంకుల డబ్బు పక్కన పెట్టినా, అందరి ముందు నిలబడి అతని పేరు చెప్పి తీర్చినది ఇంతవరకు సున్న. ఈ రోజుకు బాకీ నాలుగు వందల నలభై రూపాయలు.